నూకరత్నం అక్క నూనెగిన్నె

మా అమ్మాయి కబడ్డీలో కాలు బెణికించుకుని వస్తే ఇవాళ కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచాను. ఆ వాసనకి మన చిన్ననాటి కబడ్డీ జట్టంతా గుర్తొచ్చింది.

ఏమర్రా, అనకాపల్లి శివార్లలో చెరుకు కొట్టేసిన చేలో మనకి కబడ్డీ నేర్పిన నూకరత్నం అక్క గుర్తుందా? రాష్ట్రం జట్టులో ఆడిన మనిషి. ఆట అయ్యాక ఒక్కొక్కరి మోకాలికీ ఈ నూనే రాస్తూ, "నొప్పెక్కడే? కాల్లోనా, లోపలా?" అని అడిగేది. లోపల అన్నవాళ్ళకి ఎక్కువసేపు రాసేది. నాన్న తాగొచ్చి కొడుతున్నాడని నేను మొదట చెప్పుకున్నది ఆమెకే.

ఓ సాయంత్రం ఆ నూనెగిన్నె నా చేతికిచ్చి తన కాలు చాపింది.

"నాకూ రాయండే. లోపలేటో బాగోనేదు."

మనం పగలబడి నవ్వాం. "నీకు నొప్పేటక్కా! నువ్వు రాష్ట్రానికి ఆడేవు కదా!" అన్నాం. ఆమె కూడా నవ్వేసింది. మనం ఇళ్ళకి పరిగెత్తాం.

నాలుగో రోజున, తన ప్రాణం తనే తీసుకుందని తెలిసింది. ఎందుకు చేసుకుందో ఊళ్ళో తలో మాటా అన్నారు. ఆ సాయంత్రం ఆమె అన్న మాట మాత్రం మనం ఎవరికీ చెప్పలేదు.

ఆ గిన్నె నేను తిరిగివ్వలేదు. ఇవాళ నూనె కాచింది అందులోనే. మా అమ్మాయి కాలు చాపుకుని కూర్చుంది. కాల్లోనా, లోపలా అని అడగడానికి నాకు నోరు రావడం లేదు.