కోతులకు సర్ది

కురవిలో మొండయ్యకు ఒకటే పిచ్చి: మనుషుల సర్ది కోతులకు అంటకూడదు. పశువుల దవాఖానలో అటెండరుగా చేసి రిటైరైన ఆయన, రోజూ గుడి దారిలో పోశమ్మ అరటిపండ్ల బండి పక్కన నిలబడేవాడు. ఎవరు ముక్కు చీదినా ఉరికేవాడు.

"ఏయ్, మూతికి దస్తీ కట్టు! కోతులకు అంటిస్తవా?"

"నా మక్కచేను సగం అవే తిన్నయి. వస్తే రానీ," అన్నాడొక రైతు.

"ఆంజనేయసామి చూస్తున్నడు!"

రైతు తిట్టుకుంటూనే తువ్వాల చుట్టుకున్నాడు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకునీ మొండయ్య వదల్లేదు. సర్పంచి ఉపన్యాసం మధ్యలో తుమ్మితే మైకే లాక్కున్నాడు.

పోశమ్మకు ఒళ్ళు మండేది. కరోనా వచ్చిన ఏడాది ఆమె దగ్గిందని ఆరు నెలలు ఊరంతా ఆమె చేతి పండు ముట్టలేదు. అప్పటినుంచి ఊపిరి సగమే. చిన్న సర్ది తగిలినా మానుకోట దవాఖానలో వారం పడకే. ఆ సంగతి దాచి, దగ్గును కొంగులో అదుముకుని బతుకుతోంది. గెలలు లాక్కుపోయే కోతుల మీద ఈయనకింత ప్రేమా!

"గిరాకీని తరుముతున్నవ్ అన్నా. మనుషులకన్న కోతులెక్కువనా నీకు?"

"ఎక్కువే," అనేవాడు మొహం తిప్పుకుని.

కిందటి చలికాలం హైదరాబాద్ నుంచి కోతుల జబ్బుల మీద పరిశోధన చేసే ఒక డాక్టరమ్మ వచ్చి, మొండయ్య అరుపులు విని, కోతులను పట్టించి, ముక్కుల్లో పుల్లలు పెట్టి నమూనాలు తీసుకెళ్ళింది. రెండు నెలలకు మళ్ళీ వచ్చి మొండయ్యను వెతికింది.

"మీరన్నదే నిజమైంది. మనుషులకు మామూలు సర్ది తెచ్చే కరోనా వైరస్ రెండు కోతుల్లో దొరికింది. మన నుంచే అంటి ఉంటుంది. మీకెట్లా తెలుసు?"

మొండయ్య నోరు తెరిచాడు. "నిజంగనే అంటుతదా మేడం?"

"మరి ఇన్నేళ్ళూ అరిచారు కదా?"

ఆయన బండి వైపు చూశాడు. పోశమ్మ కనిపించలేదు.

"గా పండ్లమ్మే పోశమ్మ ఊపిరితిత్తులు కమ్జోర్ మేడం. దవాఖానల పడి ఉంటే చూసిన. చెప్తే ఎవ్వడు కొనడు, చెప్పకుంటే మీద తుమ్ముతరు. ముసలిదాని కోసం మూతి కట్టుకోమంటే ఎవడింటడు? ఆంజనేయుని పేరు చెప్తే కట్టుకుంటరు."

బండి వెనక వంగి గెల కోస్తున్న పోశమ్మ లేచి నిలబడింది. మొండయ్య దొంగలా తల దించుకున్నాడు. డాక్టరమ్మ వెళ్ళాక పోశమ్మ సద్దిగిన్నె విప్పి, గోనెపట్టా మీద జరిగి చోటిచ్చింది.

"కూసో అన్నా. చింతచిగురు పప్పు."

"నాకద్దు చెల్లె, నువ్వు తిను."

"తినకుంటే ఊరంత చెప్త, కోతి కనవడితే నా బండి కిందికి దూరుతవని."

మొండయ్య బుద్ధిగా కూర్చుని ముద్ద కలిపాడు.