గొర్రెల కేసు, ఇన్నయ్య సార్

మొన్న మునగాల దాటుతుంటే వాన. గొర్రెల మంద రోడ్డెక్కి మా కారును ఆపేసింది. అద్దం దించానో లేదో, తడిసిన ఉన్ని వాసన గుప్పున కొట్టింది. డ్రైవరు విసుక్కుంటున్నాడు గానీ, నా ప్రాణం మాత్రం మిర్యాలగూడ కోర్టు ఆవరణలోకి, మా ఇన్నయ్య సార్ దగ్గరికి పోయింది.

హైదరాబాదులో నేను న్యాయశాస్త్రం చదివిన కాలేజీలో ఆయన క్రిమినల్ లా చెప్పేవారు. ఆ క్లాసులో నేనొక్కదాన్నే ఆడపిల్లను. నోరు మాత్రం పదిమంది పెట్టు. సెలవులకు సార్ సొంతూరు సూర్యాపేట వచ్చి వకాలతు చేసేవారు. మాదీ సూర్యాపేటే. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, తొలకరి పడుతున్న రోజుల్లో, "పుస్తకం మూసి జర కోర్టుకు రా బిడ్డా, నేరమంటే ఎట్లుంటదో సూద్దువు" అని నన్ను మిర్యాలగూడ బస్సెక్కించారు. మా నాన్న ఒప్పుకోవడమే విడ్డూరం!

ఆ రోజు సార్ వాదించాల్సింది అనంతగిరి గొర్రెల కాపరి లింగయ్య తరఫున. పోయిన వారం తన మందలోంచి గొర్రెలు ఎత్తుకుపోయాడని అతని బావమరిది సైదులు ఫిర్యాదు చేశాడు. ఏ మందవాళ్లు ఆ మందకు పిల్లప్పుడే చెవి ఒక తీరుగా కోసి గుర్తు పెట్టుకుంటారు. కోదాడ దగ్గర మేపుతుండగా పట్టుకున్న ఆ గొర్రెలకు సైదులు ఇంటి కోతే ఉంది. పైగా ఠాణాలో "ఈ గుర్తు ఎవరిది?" అని అడిగితే, లింగయ్యే "మా బామ్మర్దోళ్లది" అన్నాడట. దాన్నే నేరం ఒప్పుకున్నట్టు ఉర్దూలో రాసుకున్నారు. శిక్ష పడితే లింగయ్య జైలుకు, గొర్రెలు సైదులు పాలు.

"ఒప్పుకున్నాక ఇంకేముంది సార్?" అన్నాను.

"ఒప్పుకున్నడా, జవాబు చెప్పిండా?" అంటూ సార్ వరండా మెట్ల మీద కూర్చున్న లింగయ్య భార్య ముత్తమ్మను చూపించారు. "పోయి మాట్లాడు. ఏం అడగాల్నో నన్నడగకు."

ఇదేం చదువురా దేవుడా అనుకుంటూ ఆమె పక్కన కూలబడ్డాను. వానల గురించి, పిల్లల గురించి, మేత గురించి, తోచిందల్లా అడిగాను. చివరికి, "అసలా గొర్రెలు మీకెక్కడివి?" అన్నాను.

"నా పెండ్లికి మా నాయన పెట్టినవే. మా గొల్లోళ్లల్ల ఆడివిల్లకు గొర్రెలు పెడ్తరు గద. గందుకే మా నాయినోళ్ల కోత."

నేను ఆమె వైపు జరిగాను. "మరి పోలీసులకు చెప్పలేదా?"

"అందరికెర్కైన ముచ్చటేనాయె! చెవి కోత ఎవలదని అడిగిన్రు, చెప్పిండు. గొర్రె ఎవలదని అడగకపాయిరి."

పరుగున వచ్చి చెబితే సార్ కళ్లు మెరిశాయి. కానీ ముత్తమ్మ తండ్రి పోయి ఏడాదైంది. ఉత్త మాట కోర్టులో నిలవదు. సార్ వెళ్లి, సాక్ష్యంగా తెచ్చి కోర్టు ఆవరణలో కట్టేసిన గొర్రెల చుట్టూ తిరిగారు. తల్లుల వెంట పట్టుకొచ్చిన పాలుతాగే పిల్లలను అంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు. వాటి చెవులు ఒక్కొక్కటే తడిమి చూశారు.

కేసు పిలవగానే ఒక పిల్లను ఎత్తుకొచ్చి సైదులు ముందు నిలబెట్టారు. "దీని తల్లి పోయిన వారం దాక నీ మందలనే ఉన్నదంటివి. మరి దీని చెవికి లింగయ్య కోత ఎట్లొచ్చింది?"

"ఎత్కవోయినంక కోసిండు సారూ."

"కోస్తే గాయమేది? ఎన్నడో మాని, ఎంట్రుకలు గూడ మొలిసె!"

మేజిస్ట్రేటు తానే ఆ చెవిని వంచి చూశారు. లింగయ్యను వదిలేశారు, గొర్రెలనూ అప్పగించారు. ముత్తమ్మ నా చేతులు పట్టుకుని బోరున ఏడ్చింది. నాకూ ఏడుపాగలేదు.

బస్సులో నేను ఒకటే వాగుతున్నాను, సార్ మాత్రం మరో కేసు కాగితాలు తిరగేస్తున్నారు. "గెలిచాం కదా సార్?" అన్నాను.

"వీనికి నువ్వు దొరికినవ్. అడిగినదానికి నిజం చెప్పి లోపల కూసున్నోళ్లు ఇంకెంతమంది ఉన్నరో బిడ్డా."

ఆ మాట నన్ను వదల్లేదు. తర్వాత నేను మేజిస్ట్రేటునయ్యాను. విచారణంతా ముగిశాక, కలం కింద పెట్టే ముందు, ప్రతి ముద్దాయినీ అడిగేదాన్ని: "నేను అడగనిది ఇంకేమన్నా ఉందా?" వకీళ్లు గడియారం చూసుకునేవారు. చాలామంది "ఏం లేదమ్మా" అనేవారు. కొందరు మాత్రం నిజంగానే అడుగుతున్నానా అని నా ముఖంలోకి చూసి, బోనులో సర్దుకుని నిలబడి, అప్పుడు మొదలుపెట్టేవారు.