పాము లేని ముంగిస

అమలాపురంలోకి ఫ్లెక్సీలు దిగాక నా కుంచె మూలన పడింది. అప్పటిదాకా గోడల మీదా, షాపు బోర్డుల మీదా అక్షరాలు రాసుకుని బతికినవాణ్ణి. ఊళ్లో నన్ను అందరూ "అక్షరాలాయన" అనేవారు. ఆ పిలుపంటే నాకు ఒళ్లుమంట. నాకు బొమ్మ వేయడం వచ్చనీ, బుర్ర కూడా ఉందనీ ఒక్కడూ అనుకోడు. అందుకే ఇంటర్నెట్ సెంటర్లు వీధికొకటి లేచిన రోజుల్లో ఓ కంప్యూటరు కొని, మౌసుతో గీయడం నేర్చుకుని, గుమ్మం మీద 'డిజైనర్' అని రాసుకున్నాను. ఆ మాట కూడా కుంచెతోనే రాశాననుకోండి.

మొదటి బేరం కువైట్ నుంచి తిరిగొచ్చినాయన. అక్కడ ఏదో ఆఫీసులో కంప్యూటర్లు చూసేవారట. ఇక్కడ ఇంటర్నెట్ సెంటర్లకీ, కాలేజీలకీ వైరస్సులు వదిలించి, పాస్‌వర్డులు దొంగలపాలు కాకుండా కాపలా కాసే కంపెనీ పెడుతున్నారు. దానికో లోగో కావాలి, అందులో ఓ జంతువుండాలి.

"కుక్కని పెడదామాండీ?" అన్నారు.

"కుక్క బొమ్మ ప్రతి గేటుకీ ఉందండీ. ముంగిసని పెడదాం. కొబ్బరితోటలో పాము కనపడితే వదుల్తుందాండీ అది?" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచి నా చెయ్యి పట్టుకున్నారు.

వారం రోజులు గీశాను. డాలు మీద ముంగిస, దాని నోట్లో మెడ చిక్కిన పాము, పాము ఒంటిమీద పొలుసులకి బదులు సున్నాలూ ఒకట్లూ. అంత మంచి బొమ్మ నేను మళ్లీ వేయలేదు.

బొమ్మ ఆయనకిచ్చిన మర్నాడు ఆయన తల్లిగారే స్వయంగా వచ్చారు.

"బొమ్మ ఎంత బావుందో బాబూ! కానీ నాగులచవితికి పుట్టలో పాలు పోసేవాళ్లం. పాముని చంపుతున్నట్టు బోర్డు పెట్టుకుంటామా, మీరే చెప్పండి. ఆ పాము ఒక్కటీ తీసేయండి, చాలు."

పాముని తీసేస్తే అది ముంగిసని ఎవడికి తెలుస్తుంది? మాట నోటిదాకా వచ్చింది. కానీ పెద్దావిడ, పైగా ఎండనపడి వచ్చారు. "ఆయ్, అలాగేనండీ" అన్నాను. మా కోనసీమలో ఎదుటి మనిషిని మొహం మీద కాదనడం కంటే గోదాట్లో దూకడం తేలిక.

పాము పోయింది. పళ్లు బయటపెట్టి, పొడుగు తోకేసుకుని, ఏదో ఒకటి మిగిలింది. చూసినవాళ్లంతా "అదిరిందండీ" అన్నారు. కొత్తగా షాపు తెరిచిన మనిషిని నొప్పించేంత మోటువాడు ఊళ్లో ఎవడున్నాడు?

బోర్డు కట్టిన మూడో రోజున రాజోలు వైపు నుంచి ఓ రైతు వచ్చాడట.

"చెట్లెక్కి కొబ్బరికాయలు కొట్టేస్తున్నాయండీ. మందుందాండీ?"

"ఏవండీ?"

"బోర్డు మీద ఉన్నయ్యేనండీ. ఎలకలు."

ఈయన అతణ్ణి కూర్చోబెట్టి వైరస్సుల గురించి అరగంట చెప్పారట. రైతు మర్యాదగా అంతా విని, "అయితే ఆ మందే ఇవ్వండి" అన్నాడట.

కాలేజీల వాళ్లు ఒక్కరూ రాలేదు. ఎలకల బాధితులు మాత్రం వస్తూనే ఉన్నారు. రెండు నెలలు చూసి ఆయన నా దగ్గరికొచ్చారు.

"అది ఎలకలా ఉందని మీకు ముందే తెలుసాండీ?"

"తెలుసండీ."

"నాకూ తెలుసండీ. వారం రోజులు కష్టపడ్డారు కదా, ఏమంటాంలే అని ఊరుకున్నాను."

ఒక్క 'కాదు' అనలేక, ఆయన కంపెనీనీ నా బొమ్మనీ ఇద్దరం కలిసి ఎంతో మర్యాదగా ముంచేశాం. నా మీద నాకే అసహ్యం వేసింది. ఈసారైనా నోరు విప్పుదామని, "పాముని పెట్టి మళ్లీ గీస్తానండీ. అమ్మగారితో నేనే మాట్లాడతాను" అన్నాను.

ఆయన ఇబ్బందిగా నవ్వారు.

"వద్దండీ. పురుగుమందుల షాపు లైసెన్సుకి అర్జీ పెట్టేను. బొమ్మ అలాగే ఉంచేసి, అక్షరాలు మార్చండి చాలు."