తలవైపు తాడు

డ్రమ్‌సోర్లీ ప్రభువుల బిరుదు ఎలా అంతరించిందో చరిత్ర రాసినవాళ్లు ఒక్క వాక్యంలో తేల్చేశారు: 1931 మార్చిలో, మగ వారసులు లేక. నినియన్ గూర్లే సంగతి వాళ్లకు పట్టలేదు.

నినియన్ రాతిగోడలు కట్టేవాడు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గొర్రెల బీళ్లకు ప్రహరీ కట్టడం అతని పని. తల్లి గ్రిజెల్ ఒకప్పుడు కోటలో బట్టలు ఉతికేది. తండ్రి ఎవరని ఊళ్లో ఎవరూ అడగలేదు, అడగనక్కర్లేదు. అదే గద్దముక్కు ఆదివారం చర్చిలో ముందు వరుసలో ప్రభువుకు, వెనక వరుసలో నినియన్‌కు కనిపించేది. పెళ్లికాని తల్లి కొడుక్కి బిరుదు రాదు. రాకపోతే పీడా పోయిందనుకునేవాడు నినియన్. యాభై రెండేళ్లలో ఆ పెద్దమనిషి ఒక్కసారైనా పేరుపెట్టి పిలవలేదే అన్నదే అతని కడుపుమంట.

ప్రభువు పోయిన నాలుగో రోజున ఎస్టేటు వ్యవహారాలు చూసే రాంకిన్ చీటీలతో వచ్చాడు. శవపేటికను గోతిలోకి దించే ఎనిమిది తాళ్లు ఎవరెవరు పట్టాలో ప్రభువు ముందే రాసిపెట్టాడు. ఆనవాయితీగా తలవైపు తాడు కొడుకుది.

"నీది ఒకటో నంబరు. తలవైపు," అన్నాడు రాంకిన్ కళ్లెత్తకుండా. "పొరపాటేమోనని రెండుసార్లు చూశా. ఆయన చేతిరాతే."

నినియన్ చీటీ చదివాడు. "నినియన్ గూర్లే, గోడల పనివాడు. బాగుంది. కొడుకని రాయడానికి సిరా అయిపోయిందా?"

"నన్నంటే నేనేం చెప్పను? నీకు వద్దంటే నేను పట్టుకుంటాలే."

నినియన్ చీటీ తిరిగివ్వబోయాడు. పొయ్యి దగ్గర నుంచి గ్రిజెల్ అంది: "నీ పౌరుషం నీ దగ్గరే ఉంచుకో నాన్నా. నాకోసం పట్టు. ఆడదాన్ని, గోతిదాకా నన్ను రానివ్వరుగా."

వానలో, ఊరి మగాళ్లంతా చూస్తుండగా, నినియన్ తలవైపు నిలబడి తాడు వదులుతూ పోయాడు. పెట్టె బరువుకు అరచెయ్యి ఒరుసుకుపోయింది. పెట్టె నేలకు ఆనాక అందరూ తాళ్ల కొసలు గోతిలోకి జారవిడిచారు. అతనిది అందరికన్నా ఆఖరున పడింది. నాలుగు వందల ఏళ్ల బిరుదు అంతటితో సరి. పాదిరీ మాత్రం ఎవరి మొహమూ చూడకుండా, పోయినాయన కొడుకును పరామర్శించినట్టే, నేరుగా నినియన్ దగ్గరికే వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి గ్రిజెల్ గుమ్మంలోనే ఉంది.

"పట్టావా?"

"పట్టానమ్మా. పాదిరీ ముందు నన్నే పలకరించాడు."

ఆమె లోపలికి వెళ్లి, చావు జరిగిన ఇళ్లలో దించినట్టే, ప్రభువు పోయినప్పటి నుంచీ తెరిచే ఉంచిన కిటికీ తెరలు ఒక్కొక్కటీ దించింది. అన్నీ దించాక, యాభై రెండేళ్లలో మొదటిసారి, గొంతెత్తి ఏడ్చింది.