చేని మూల

ఈ తొమ్మిదేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన సంగతి ఒకటుంది. అది నాది కాదు.

ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే నాలుగు పేజీలు అటూ ఇటూ తిరిగి, అసలు మాట రాయకుండానే కాగితం మడిచి పెట్టేస్తానని నాకు తెలుసు. ఇంతకు ముందు రెండుసార్లు అదే చేశాను. తొమ్మిదేళ్లుగా ఇది నాతోనే అన్నం తింటోంది, నాతోనే పడుకుంటోంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకైతే చెప్పగలననుకుంటున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు పెగలడం లేదు.

నాకు ప్రొద్దుటూరులో ఇల్లుంది. జమ్మలమడుగు అవతల ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. అక్కడి తాళాలన్నీ నా దగ్గరే ఉంటాయి. నమ్మకస్తుడు అంటారు నన్ను. ఆ మాట విన్నప్పుడల్లా జేబులోని తాళాలగుత్తి మీద చెయ్యి వేసుకుంటాను, ఎందుకో నాకే తెలియదు.

ఆ సంగతి మా ఓబులేసన్నది. మా పెదనాయన కొడుకు, నాకంటే ఎనిమిది నెలలు పెద్ద. మాది గొర్రెలు కాసే కుటుంబం. కానీ నాకు ఊహ తెలిసేసరికే మా నాయన మంద వదిలేసి పులివెందులకు వచ్చి ఆటో నడుపుకుంటున్నాడు. పెదనాయన మాత్రం వేముల అవతల మా పల్లెలోనే మందతో ఉండిపోయాడు. ఓబులేసన్న నాతోపాటు పులివెందులలోనే డిగ్రీ చదివాడు. సెలవొస్తే గొర్రెల వెంట పోయేవాడు. నేను క్రికెట్‌కు పోయేవాణ్ణి. నిజం చెప్పాలంటే, ఒక్క పూట కూడా నేను మంద వెంట నడవలేదు.

ఆ ఏడు గొర్రెలకు రోగమొచ్చి మంద సగమైపోయింది. పెదనాయనకు అప్పటికే మోకాళ్లు పోయాయి. కట్టె ఊతంతో గుట్టలెక్కుతున్నాడు. అప్పుడే ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్ పోస్టుకు మనిషి కావాలని తెలిసి ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఉన్నది ఒక్కటే పోస్టు. ఓబులేసన్నకు అది వస్తే, మిగిలిన గొర్రెలు అమ్మేసి పెదనాయనను ఇంటిపట్టున కూర్చోబెట్టాలని ఆశ. నాకు? నాకు పులివెందులలో తిరగడం విసుగొచ్చింది, అంతే. అంతకంటే గొప్ప అవసరమేదో ఉన్నట్టు ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. లేదు.

నేను ప్రొద్దుటూరు పోయి ఇంటర్వ్యూ ప్రశ్నలు జవాబుల పుస్తకం ఒకటి కొనుక్కొచ్చాను. పని మీద మీ నిబద్ధత ఎలాంటిది, ఒత్తిడిలో ఎలా పనిచేస్తారు, ఇలాంటివి. జవాబులన్నీ ఇంగ్లీషులో బట్టీ పట్టాను. ఓబులేసన్నకు పుస్తకం ఇస్తే రెండు రోజులు చూసి తిరిగిచ్చేశాడు. అందులో ఎవరూ ఏ పనీ చేసినట్టు లేదే అన్నాడు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున పులివెందులలో బస్సెక్కాం. ముద్దనూరు దాటేదాకా నేను జవాబులు గొణుక్కుంటూనే ఉన్నాను. అప్పుడు అతను తనకు జరిగింది ఒకటి చెప్పి, ఇట్లాంటిది చెప్పొచ్చా అని అడిగాడు.

మా వైపు రైతులు పంట వేసే ముందు చేలో గొర్రెల మంద కట్టిస్తారు. చుట్టూ వల కట్టి రాత్రంతా గొర్రెలను అక్కడే ఉంచితే ఎరువు పడుతుంది. రోజుకొక పక్కకు వల జరుపుకుంటూ పోతే చేనంతా నిండుతుంది. ఒక రైతు అలాగే మంద కట్టమని చెప్పి, భార్యకు బాగాలేక ఆమెను తీసుకుని కడప ఆసుపత్రికి పోయాడు. నాలుగు రోజులకు చేను నిండింది, ఒక మూల తప్ప. గట్టు పక్కన, రాళ్లు తేలిన మూల. అవతల ఇంకో రైతు రమ్మని కబురు పెడుతున్నాడు. ఆ రాళ్లలో ఏం పండుతుందిలే, అతను చూడొచ్చేదీ లేదు, పోదాం పద అన్నాడంట పెదనాయన. ఓబులేసన్న ఒప్పుకోలేదు. గొర్రెలకు కాళ్లు నొప్పి పుట్టకుండా పెద్ద రాళ్లన్నీ ఏరి గట్టు మీద వేసి, అయిదో రోజు ఆ మూలలో వల కట్టాడు. ఎవరికీ చెప్పలేదు. మళ్లీ వానలకు అటు పోతే చెనిక్కాయ, అదే వేరుశనగ, పైరు ఆ మూలదాకా ఒకే పచ్చగా ఉందంట. గట్టు మీద కాసేపు కూర్చుని వచ్చేశాడంట. అంతే.

నేను నవ్వాను. గొర్రె పెంట సంగతులు చెప్తే అక్కడ నవ్వుతారన్నా, పుస్తకంలోవే చెప్పు అన్నాను. అది అప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను. ఈ ఒక్క విషయంలో నేను అబద్ధమాడలేదు. ఇది పట్టుకుని వేలాడుతున్నానంటే నా పరిస్థితి మీరే అర్థం చేసుకోండి.

నన్ను ముందు పిలిచారు. లోపల ముగ్గురున్నారు. మధ్యలో పెద్దాయన, కృష్ణా జిల్లా వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. నా ఇంగ్లీషు జవాబులు రెండు విని చెయ్యి ఎత్తి ఆపాడు. పుస్తకం పక్కన పెట్టండి, మిమ్మల్ని ఎవరూ చూడనప్పుడు మీరు సరిగ్గా చేసిన పని ఒకటి చెప్పండి, తెలుగులోనే చెప్పండి అన్నాడు.

నాకు ఒక్కటీ తోచలేదు. ఇరవై మూడేళ్ల బతుకులో ఒక్కటి. ఫ్యాన్ చప్పుడు వినపడుతోంది. పెద్దాయన ఓపిగ్గా చూస్తున్నాడు. అప్పుడు నా నోటివెంట, సార్, మాది గొర్రెలు కాసే కుటుంబం అని వచ్చింది. ఆ మాట నిజమే కదా. ఆ నిజం పట్టుకునే లోపలికి దూరాను. వల, రాళ్లు, మూల, అన్నీ చెప్పాను. అతను చెప్పినదానికంటే బాగా చెప్పాను. పెద్దాయన ముందుకు వంగి వింటుంటే ఊరుకోలేక చివర్లో ఇంకోటి కలిపాను. ఆ రైతు ఆసుపత్రి నుంచి వచ్చాక మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, నా చెయ్యి పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడని చెప్పాను.

తెలియక నోరు జారిందా? లేదు. మొదటి వాక్యం దగ్గరే తెలుసు. వాక్యం వాక్యానికీ ఆగొచ్చు, ఆగలేదు.

బయటికొస్తే ఓబులేసన్న బెంచీ మీద ఉన్నాడు. అతనికంటే ముందు ఇంకా ఇద్దరున్నారు. అరగంట పక్కపక్కనే కూర్చున్నాం. ఏమడిగినారు అన్నాడు. అంతా పుస్తకంలోవే అన్నాను. ఆ అరగంట గురించి నేను ఆలోచించినంత నా పెళ్లి గురించి కూడా ఆలోచించలేదు. అన్నా, నీది చెప్పేసినా, నువ్వు ఇంకోటి చెప్పు అంటే సరిపోయేది. తిట్టేవాడు. ఒక దెబ్బ వేసేవాడేమో. అతనికి నాలా ఒక్కటీ లేకపోవడం కాదు, ఇట్లాంటివి పది ఉండేవి.

అతను లోపలికి పోయిన కాసేపటికి నన్ను మళ్లీ పిలిచారు.

ఓబులేసన్న నిలబడి ఉన్నాడు. పెద్దాయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈయన కూడా మీరు చెప్పిందే చెబుతున్నారండి. ఆ మూల, ఆ రాళ్లు, అన్నీ అవే. మీ ఇద్దరిలో ఎవరిది ఇది?"

ఓబులేసన్న నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఏదో పొరపాటు జరిగింది, తమ్ముడు సర్దేస్తాడు అన్నట్టు ఉంది.

"వాన్నే అడగండి సార్," అన్నాడు. "వాడు చెప్తాడు."

"నాదే సార్," అన్నాను. "పొద్దున బస్సులో ఈ అన్నకు నేనే చెప్పినా."

పెద్దాయన ఓబులేసన్న వైపు తిరిగాడు.

"సరే. తర్వాత ఆ రైతు వచ్చి ఏమన్నాడు?"

"రైతా?" ఓబులేసన్నకు అర్థం కాలేదు. "యా రైతూ రాలేదు సార్. ఆయప్పకు తెలీనే తెలీదు."

పెద్దాయన తల ఊపి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. అసలువాడికి తెలిసింది దొంగిలించినవాడికి తెలియదని అనుకున్నాడు. నేను కలిపిన అబద్ధమే నా సాక్ష్యమైంది. ఆయన్ని తప్పు పట్టలేను, ఆయన స్థానంలో నేనున్నా అలాగే అనుకునేవాణ్ణి. మీరు వెళ్లొచ్చు అని ఓబులేసన్నతో మర్యాదగానే అన్నాడు. అతను ఫైలు చంకలో పెట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి పోయాడు.

తిరుగు బస్సులో ఒకే సీట్లో కూర్చున్నాం. వేరే సీట్లు ఖాళీ ఉన్నాయి, అయినా అతను నా పక్కనే కూర్చున్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ, తిడతాడు, ఇప్పుడు తిడతాడు అని ఎదురుచూస్తున్నాను. ముద్దనూరులో బస్సు ఆగినప్పుడు అడిగాడు.

"ఆయప్ప రాలేదు కదరా. నువ్వెందుకు రప్పించినావు?"

ఎందుకు దొంగిలించావని అడగలేదు. ఎందుకు అబద్ధమాడావని కూడా కాదు. ఎందుకో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఎవరో ఒకరు వచ్చి మెచ్చుకోకపోతే ఆ పని పూర్తయినట్టు నాకు అనిపించలేదేమో. చూసేవాడు లేని పని నా ఊహకు కూడా అందలేదేమో.

ఉద్యోగం నాకొచ్చింది. ఓబులేసన్న ఆ తర్వాత ఏ ఇంటర్వ్యూకూ పోలేదు. మా నాయన అడిగితే, నాకు ఆ మాటలు చేతగావులే చిన్నాయనా అన్నాడంట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదని నాకెలా తెలుసంటే, పెదనాయన ఇప్పటికీ నన్ను చూస్తే, నువ్వన్నా బాగుపడినావు నాయనా అని తల నిమురుతాడు. ఆ మోకాళ్లతోనే ఆయన ఇంకో ఆరేళ్లు గొర్రెల వెంట నడిచాడు. పండక్కి పోయినప్పుడల్లా గుట్ట మీద కట్టె మోపుకుంటూ దిగేవాడు, నేను చూసి తల తిప్పుకునేవాణ్ణి. ఇప్పుడు మంచం దిగడం లేదు.

ఇక్కడితో అయిపోయిందా అంటే, అదీ లేదు. పెద్దాయన నా సంగతి అందరికీ చెప్పాడు. కొత్తగా చేరినవాళ్లకు పని గురించి రెండు మాటలు చెప్పేటప్పుడు నన్ను పిలిపించి, ఆ మంద సంగతి చెప్పండి అనేవాడు. ఆయన రిటైరయ్యాక కూడా అది ఆగలేదు. చెప్పీ చెప్పీ నాకు ఆ రాళ్లు చేతికి తగిలినట్టే అనిపించేది. ఒక్కోసారి నేనే ఏరానేమో అనుకునేవాణ్ణి. ఛీ, ఇంతకంటే సిగ్గుమాలిన పని ఉంటుందా?

ఇప్పుడు ఇంటర్వ్యూల్లో బల్లకు అవతల నేను కూర్చుంటున్నాను. అదే ప్రశ్న నేనే అడుగుతున్నాను. పోయిన నెల మైదుకూరు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఎవరూ చూడనప్పుడు నువ్వు సరిగ్గా చేసిన పని ఒకటి చెప్పమ్మా అన్నాను. ఆలోచించింది. శానాసేపు ఆలోచించింది. చివరికి, నాకేం గుర్తుకొస్తాండ్లేదు సార్, చెప్పుకునేంత పని ఇంకా ఏం చేయలేదేమో అంది.

ఇంత చిన్న జవాబా! ఇదే కదా ఆ రోజు నా దగ్గర ఉన్న నిజం. ఇది చెప్పి వచ్చేసి ఉంటే ఏమయ్యేది, పులివెందులలో ఇంకో ఏడాది తిరిగేవాణ్ణి. ఆ అమ్మాయికి ఉద్యోగం ఇవ్వమని రాశాను. రాసి, దీనితో నా బాకీ కొంతైనా తీరుతుందని ఒక్క క్షణం సంబరపడ్డాను కూడా. ఆ సంబరం చూసి నా మీద నాకే అసహ్యం వేసింది.

పోయిన ఆదివారం చెప్పేద్దామని పల్లెకు పోయాను. ఓబులేసన్న గొర్రెలకు మందు పోస్తున్నాడు. వచ్చినావా, ఈ చెవులు పట్టుకో అన్నాడు. ఒక్కో గొర్రెనూ నేను పట్టుకుంటే అతను నోట్లో మందు పోస్తున్నాడు. మంద మళ్లీ పెరిగింది. చీనీకాయల తోట ఒకటి కౌలుకు తీసుకున్నాడు. ఆ కబుర్లే చెప్పాడు. అన్నా, ఆ రోజు అని రెండుసార్లు మొదలుపెట్టాను. రెండోసారి అతను చెయ్యి ఆపి, నా ముఖంలోకి చూసి, గొర్రె తల పైకెత్తి పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను. సాయంత్రం బస్సెక్కి వచ్చేశాను.

క్షమించమని అడగడానికి కూడా అతని టైమే కావాలి నాకు, అదీ అతని దగ్గర తీసుకోవడమే. అందుకే ఇక్కడ రాస్తున్నాను. రాస్తూ అతని పేరు ఉన్నదున్నట్టు రాశాను, నా పేరు మాత్రం దాచుకున్నాను, చూశారా, ఇప్పుడు కూడా. అయినా ఈ ఒక్కసారైనా ఆ సంగతి సరిగ్గా చెప్పి ఆపేస్తాను. వేముల అవతల, ఆ రాళ్ల చేలో, గట్టు పక్క మూలలో అయిదో రోజు వల కట్టింది మా ఓబులేసన్న. నేను అక్కడ లేను. ఆ రైతు రాలేదు.