అర్జీ లేని ప్రకటన

కొత్త జంపఖానా మడత విప్పితే వచ్చే రంగునూలు వాసనకు నాకు కొత్తవాడలోని మా మగ్గం, దాని గుంజకు నేను అంటించిన కాగితం గుర్తొస్తాయి.

అప్పుడు నేను ఏడో తరగతి. అమెరికావాళ్లు తమ రాజు నుంచి విడిపోతూ రాసుకున్న ప్రకటన గురించి సోషల్ సారు చెప్పారు. మొదట మనుషులంతా సమానమన్నారట, తర్వాత రాజు చేసిన తప్పులన్నీ వరసగా చెప్పారట, అందుకే విడిపోతున్నామన్నారట. నేనూ అలాగే రాశాను. పిల్లలంతా సమానం. బాపు రోజూ బడికి ముందు నా చేతనే నూలు కండెలు చుట్టిస్తాడు, తమ్ముణ్ని ఆటకు వదులుతాడు. కాబట్టి రేపటి నుంచి నేను చుట్టను.

బాపుకు చదువు రాదు. నాతోనే చదివించుకుని, మగ్గం ఆపి అడిగాడు.

“వాళ్లు ముందుగాల రాజును అడిగిండ్రా బిడ్డా?”

“అడిగిండ్రట. మస్తుసార్లు అర్జీలు పెట్టుకున్నా రాజు ఇనలేదట.”

“మరి నువ్వు నన్ను ఎన్నిసార్లు అడిగినవ్?”

తిరగబడేవాళ్లు బతిమాలడమేమిటని నా కాగితంలో ఆ అర్జీల ముక్క నేనే వదిలేశాను. అమెరికావాళ్ల పత్రాన్ని లోకం నమ్మింది ఆ ముక్కవల్లేనని, అక్షరం రాని మా బాపు వినగానే పట్టేశాడు.

“ఇప్పుడన్న అడుగు.”

తల వంచుకుని అడిగాను.

“సరే. పొద్దుగాల తమ్ముడు చుడుతడు. నువ్వు సదువుకో.”

మర్నాడు వాడు రాట్నం తిప్పలేక నూలంతా చిక్కు చేస్తుంటే కాసేపు చూసి, పుస్తకం మూసి, వాణ్ని జరగమన్నాను. ఈసారి నన్ను ఎవరూ చుట్టమనలేదు.