పై వాటా మరక

గోడత్తకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. అలాంటి పేరొకటి ఉందని మాత్రం ఆవిడకి తప్ప వీధందరికీ తెలుసు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, జ్వరం చూసినట్టు చూసి, ఆ తర్వాతే కూర్చుంటుంది. శుభకార్యానికి పిలిచినా అంతే, పరామర్శకి వెళ్ళినా అంతే. ఒకసారి ఒకరింట్లో పెద్దాయన పోయి అందరూ ఘొల్లుమంటుంటే, ఈవిడ ఓ మూల నిలబడి గోడ తడిమి, "పాపం, పుట్టీ కూడా సరిగ్గా పట్టించలేదు" అని కళ్ళొత్తుకుంది. ఆవిడ ఏడ్చింది పోయినాయన కోసమా, గోడ కోసమా అన్నది ఇప్పటికీ తేలలేదు.

నవ్వేవాళ్ళు నవ్వుతారు గానీ, అక్కడ సొంతిల్లు ఉన్నవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధేమిటో. వాళ్ళ ఊరి గాలిని పట్టి పిండితే చెంబెడు నీళ్ళొస్తాయి. ఎండ మాడ్చేస్తుంది, అయినా పట్టిన చెమట ఆరదు. మూత గట్టిగా బిగించిన సీసాలో కూడా ఉప్పు ముద్దయిపోతుంది. అగ్గిపుల్ల గీస్తే దాని తల రాలుతుందే తప్ప వెలగదు. బీరువాలో పెట్టిన తోలు బెల్టుకి పచ్చటి గడ్డం మొలుస్తుంది. వానలు పడ్డాయంటే తలుపులు ఉబ్బి పడనే పడవు, బలవంతాన పడితే మళ్ళీ రావు. కిటికీ ఊచలకి గరుకు కాగితం పెట్టి తుప్పు గీకి, ఎర్ర రంగు పూసి, హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగేసరికి మొదట పూసిన ఊచ మళ్ళీ తుప్పు పడుతుంటుంది. అలాంటి చోట ఒక ఇల్లు, దాని మీద అద్దెకిచ్చే ఒక వాటా ఉన్నావిడ గోడలు తడుముకోక ఏం చేస్తుంది?

అయితే గోడత్తకి ఒక సిద్ధాంతం ఉంది. గొడవంతా దానితోనే. గోడకి చెమ్మ దానంతటది రాదనీ, మనుషులు తెస్తారనీ ఆవిడ గట్టి నమ్మకం. అందుకని పై వాటా చూడ్డానికి వచ్చినవాళ్ళని ఉద్యోగం ఏమిటని అడిగేది కాదు. "రోజుకి ఎన్నిసార్లు స్నానం చేస్తారు? తల తడిపితే ఎక్కడ ఆరబెట్టుకుంటారు? గిన్నె మీద మూత పెట్టి వండుతారా, తీసి వండుతారా?" అని అడిగేది. రోజుకి రెండుసార్లని నిజం చెప్పిన ఒక గుమాస్తాకి ఇల్లు దొరకలేదు. వారానికి రెండుసార్లని అబద్ధమాడిన ఇంకో గుమాస్తాకి దొరికింది.

దొరికితే మాత్రం ఏం లాభం? కొన్నాళ్ళకి పై వాటా వెనక గదిలో, ఎప్పుడూ అదే గోడకి, అదే చోట మరక తేలేది. మొదట చెమట పట్టినట్టు మెరిసి, తర్వాత రంగు పొంగి, పెచ్చులూడి, నల్లగా బూజు పట్టేది. మరక అరచెయ్యి దాటితే ఖాళీ చెయ్యాలన్నది గోడత్త పెట్టిన రూలు. అరచెయ్యంటే ఆవిడ అరచెయ్యే. వెళ్ళేవాళ్ళు ఊరికే వెళ్తారా? ఏదో ఒకటి అనే వెళ్ళేవారు. వారానికి రెండు స్నానాలాయన, "గోడలోంచి నీళ్ళ చప్పుడు వస్తోందండీ" అన్నాడు. "మీ చెవిలో పోయుంటాయి నీళ్ళు, తల తుడుచుకోండి" అంది గోడత్త. ఇంకొకావిడ, పొద్దున్న పూటే గోడ చెమరుస్తోందని చెప్పబోతే, "పొద్దున్నే కదా మీ వంట!" అని నోరు మూయించింది.

వాళ్ళు ఖాళీ చేశాక గది తాళం వేసి ఉంచితే, చిత్రంగా ఆ గోడ పొడిగా ఆరిపోయేది. "చూశారా? మనుషులు లేరు, మరకా లేదు" అని గోడత్త మొగుడితో అనేది. ఇక ఆ సిద్ధాంతాన్ని కదిలించడం ఎవరి తరం?

ఆయన తూనికలు కొలతల ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో ఆయనకి మిగిలిన అధికారాలు రెండే. ఒకటి, నెలకోసారి టార్చిలైటు పట్టుకుని పై వాటా గోడలు తనిఖీ చెయ్యడం. రెండు, పొద్దున్నే మోటారు వేసి డాబా మీద ట్యాంకు నింపడం. ట్యాంకు నిండిందని ఎలా తెలుస్తుందంటే, నిండి పొర్లిన నీళ్ళు పైపులోంచి దిగి పెరట్లో రేకుల మీద దడదడా పడతాయి. చాలా ఇళ్ళల్లో ఆ చప్పుడు వినగానే మోటారు కట్టేస్తారు. గోడత్త ఇంట్లో అలా కుదరదు. "మొదటి చప్పుడు నమ్మొద్దు, అది గాలి. తృప్తిగా పొర్లనివ్వండి" అని ఆవిడ ఆర్డరు. తృప్తి ఎప్పుడు కలిగిందో ఆవిడే వంటింట్లోంచి చెప్పాలి. అప్పటిదాకా ఆయన స్విచ్చి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడేవాడు.

అలాంటి ఇంటికి టైలరమ్మ వచ్చింది.

భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు, ఇంటికొచ్చినా నిద్రపోవడానికే వస్తాడు. ఆమెకి కుట్టుమిషనే లోకం. "రోజుకి ఎన్నిసార్లు స్నానం?" అని గోడత్త మొదలుపెట్టింది.

"చెమట పట్టినన్నిసార్లండీ."

మామూలుగా అయితే మాట అక్కడితో ముగియాలి. గోడత్త లేచింది కూడా. ఈలోగా టైలరమ్మ ఆవిడని ఎగాదిగా చూసి, "మీ జాకెట్టు చంక దగ్గర పట్టేస్తోంది కదండీ? చెయ్యి పైకెత్తి గోడ ముట్టుకున్నప్పుడల్లా లాగుతుంటుంది. విప్పి ఇవ్వండి, కాస్త వదులు చేసిస్తాను" అంది. ఇన్నేళ్ళలో ఆ ఇబ్బంది కనిపెట్టినవాళ్ళు లేరు. కట్టుకున్నవాడికే కనపడలేదు. గోడత్త మారు మాట్లాడకుండా తాళంచెవి చేతిలో పెట్టేసింది.

అది మొదలు మధ్యాహ్నమయితే చాలు, కిటికీ గడియలు చూడాలనో, తలుపుకి నూనె వెయ్యాలనో వంక పెట్టుకుని పైకెక్కేది. టైలరమ్మ ఖాతాదారులందరినీ మాటల్లోనే ఇంట్లోకి దింపేది. చిక్కిపోయానని చెప్పి బిగుతుగా కుట్టించుకుని, తర్వాత బట్ట ముడుచుకుపోయిందని పోట్లాటకి వచ్చినావిడ నడకా, అక్కకి కుట్టిన డిజైను తనకి వద్దంటూనే అదే కావాలని సైగచేసే చెల్లెలి కళ్ళూ అన్నీ చేసి చూపించేది. గోడత్త డొక్కలు పట్టుకుని నవ్వేది. కింద వాటాలో మాటలంటే 'ఫ్యాను వెయ్యి', 'ఫ్యాను కట్టు', అంతే. పైనే ఆవిడకి పొద్దు గడిచేది. ఆ పిల్లంటే ఆవిడకి ప్రాణం అయిపోయింది. ఇంటావిడ అయివుండి, అద్దెకున్న మనిషిని పట్టుకుని ఆ మాట పైకి ఎలా అంటుంది? అందుకని గడియలే బిగించేది.

ఇంతలో మరక తేలింది.

మొదట చూసింది గోడత్తే. చెయ్యి ఆనించింది, చల్లగా తగిలింది. టైలరమ్మ మిషను ఆపి, "నేను గదిలో బట్టలు ఆరెయ్యలేదు అత్తయ్యగారూ" అంది.

"నేనడిగానా?" అని కసిరి, గోడత్త గబగబా కిందికి దిగి, పాత డబ్బాలో మిగిలిన రంగు, బ్రష్షు కొంగు చాటున పెట్టుకుని పాలగిన్నె తీసుకెళ్తున్నంత జాగ్రత్తగా పైకి తెచ్చింది. ఆ రోజు నుంచి సొంత రూలుని సొంత చేత్తో కప్పెయ్యడమే ఆవిడ పని అయింది. ఆ గాలిలో రంగు ఆరితేనా? ఇవాళ పూసింది రేపటికి జిగట, ఎల్లుండికి మళ్ళీ మరక. కొలతలిచ్చేవాళ్ళు చూసుకునే నిలువుటద్దం తెచ్చి అడ్డం పెట్టారు. మరక అద్దం పక్కనుంచి తొంగిచూసింది. ఇద్దరూ కలిసి అద్దం జరిపారు, కుట్టిన బట్టలు వేలాడదీశారు. దొంగతనం చేస్తున్నంత భయం, చిన్నప్పటి ఆటంత సరదా. టైలరమ్మ ఏమీ అడగలేదు, గోడత్త ఏమీ చెప్పలేదు.

తనిఖీ చేసే ఆదివారం రానే వచ్చింది. ఆయన టార్చి పట్టుకుని మెట్లెక్కాడు. ముందు గది చూశాడు, వంటగది చూశాడు, వెనక గదిలోకి వచ్చాడు. గోడత్త ఒక్క అంగలో వెళ్ళి అద్దం పక్కన గోడకి వీపు ఆనించి నిలబడింది.

"అడ్డం లే."

"కాళ్ళు లాగుతున్నాయండీ. కాస్త ఆనుకోనివ్వండి."

"కుర్చీ ఉందిగా?"

"గోడైతేనే హాయిగా ఉంటుంది నాకు."

ఆ మాట ఆవిడ అన్నది కాబట్టి ఆయన నమ్మాడు. తనిఖీ ముగించుకుని దిగడానికి బయల్దేరాడు. గోడత్త గెలిచాననుకుని ముందు దిగింది. వెనక దిగుతున్న ఆయనకి ఆవిడ వీపు మీద పచ్చి రంగు, ఆ రంగు మధ్య నల్లటి బూజు కనిపించాయి. ఎంతైనా కొలతల ఆఫీసు మనిషి. మెట్ల మీదే ఆవిడని ఆపి, వీపు మీద తన చెయ్యి పరిచి కొలిచాడు. "అరచెయ్యి దాటింది" అన్నాడు.

కింద పెద్ద గొడవే అయింది. "రూలు పెట్టింది నేను, తీసేసేదీ నేనే" అని గోడత్త ఎగిరింది.

ఆయన కోప్పడలేదు. టార్చి బల్ల మీద పెట్టి, "తీసెయ్. మరి ఇన్నాళ్ళూ సామాన్లు సర్దుకుని వెళ్ళినవాళ్ళంతా ఏం పాపం చేశారంటావు? వాళ్ళు నిన్ను నవ్వించలేదనా?" అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఆవిడ నోరు కట్టేసింది అదే మొదటిసారి. ఆ మాట ఆవిడకి సూటిగా తగిలింది. న్యాయం అందరికీ ఒకటే అనుకుంది, పొద్దున్నే వెళ్ళి ఖాళీ చెయ్యమని చెప్పేస్తానంది. చెప్పాక ఆ మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయో తలుచుకుంటే మాత్రం అన్నం దిగలేదు.

పొద్దున్న టైలరమ్మ ఏదో జాకెట్టుకి చేతులు అతుకుతోంది. గోడత్త వెళ్ళి నిలబడింది. గొంతు సవరించుకుంది. కిటికీ గడియ తీసింది, వేసింది. ఏం తోచక, అలవాటు కొద్దీ అద్దం పక్కకి జరిపి మరక మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. కింద ఆయన మోటారు వేసిన చప్పుడు వినిపిస్తూనే ఉంది.

కాసేపటికి అరచేతి కింద గోడ కదిలినట్టయింది. భ్రమ అనుకుంది. ఇంకాస్త గట్టిగా ఆనించింది. లోపల ఏదో జరజరా పాకుతోంది. ఆ వెంటనే పెరట్లో రేకుల మీద దడదడమని నీళ్ళు పడ్డాయి, ఇక్కడ వేళ్ళ సందుల్లోంచి చల్లగా చెమ్మ ఊరింది. ఆవిడ చూస్తుండగానే ఒక బొట్టు మరక అంచు దాటి కిందికి జారింది. దాని వెనక ఇంకొకటి.

"ఏవండీ!" గోడత్త కిటికీలోంచి అరిచింది. "మోటారు కట్టెయ్యండి!"

"ఇంకా తృప్తిగా పొర్లలేదుగా!" అన్నాడు కిందనుంచి.

"తృప్తి లేదు, గిప్తి లేదు! కట్టెయ్యమంటుంటే!"

మోటారు ఆగింది. గోడలో పాకే చప్పుడూ ఆగింది. గోడత్త అక్కడే నేల మీద చతికిలబడింది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ఈ పొర్లే నీళ్ళ పైపు గోడ బయట వేస్తానంటే, పేగులు బయటపెట్టుకున్నట్టు అదేం అసహ్యమని తనే గోడలో పెట్టి పూడ్పించింది. అది ఎక్కడో పగిలింది. అద్దెవాళ్ళుంటే నీళ్ళు ఖర్చవుతాయి, రోజూ ట్యాంకు నింపాలి, రోజూ పొర్లించాలి. వాళ్ళు వెళ్ళిపోతే మోటారుతో పెద్దగా పనుండదు, గోడ ఆరుతుంది. ఇంత చిన్న లెక్క ఇన్నేళ్ళూ తట్టలేదు. ఎంతమంది చేత మంచాలు దింపించింది, ఎంతమంది ఆడవాళ్ళని వంట సరిగ్గా రాదని అంది! సిగ్గుతో ఆవిడ మొహం మండిపోయింది.

"అమ్మాయ్" అంది చివరికి, తలెత్తకుండానే. "నిన్ను ఖాళీ చెయ్యమని చెప్పడానికి వచ్చాను. తప్పు నాది. మరక నాది. నువ్వెక్కడికీ వెళ్ళొద్దు. నువ్వు వెళ్తే నాకు తోచదు."

టైలరమ్మ దారం కొరికి, "తెలుసండీ" అంది.

"తోచదనా?"

"పైపు సంగతి. వచ్చిన వారానికే తెలిసింది. పొద్దున్నే గోడకి ఆనుకుని కుట్టుకుంటుంటే, రేకుల మీద నీళ్ళ చప్పుడు అవగానే వీపు తడిసింది."

"తెలిసీ చెప్పలేదా? నేను రంగులు పూస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"చెప్పినవాళ్ళంతా ఖాళీ చేశారట కదా అత్తయ్యగారూ" అంది టైలరమ్మ. నవ్వకుండానే అంది. "నాకు ఇక్కడ ఉండాలని ఉంది. మీరు కావాలని ఉంది. అందుకే నోరు మూసుకున్నాను."

గోడత్త కొంగుతో అరచెయ్యి తుడుచుకుంది, తర్వాత మొహం తుడుచుకుంది. కిందనుంచి ఆయన, "మళ్ళీ వెయ్యమంటావా?" అని అరుస్తున్నాడు. ఆవిడ పట్టించుకోలేదు.

"ఇలా నాకు చెప్పకుండా దాచినవి ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగింది.

టైలరమ్మ ఆవిడ మొహంలోకి పరీక్షగా చూసింది. నిజంగానే అడుగుతోందని నమ్మకం కుదిరాక, స్టూలు మీద ఉన్న బట్టల కుప్ప తీసి మంచం మీద పడేసి, స్టూలుని ముందుకి జరిపింది.

"ఇలా కూర్చోండి. కాస్త టైం పడుతుంది."